87 మైళ్ల బంతికి చోటుందా?

2016 అక్టోబర్ 22 రాత్రి షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో కబ్స్ బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని 5-0తో ఓడించి, 1945 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి చేరింది. ఆ రాత్రి ఓడిన పిచ్చర్ క్లేటన్ కెర్షా, తన తరంలో అందరికంటే గొప్పవాడని పేరు తెచ్చుకున్నవాడు. గెలిచినవాడు కైల్ హెండ్రిక్స్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్ తీసేదాకా మౌండ్ మీద నిలబడి, రెండే హిట్లు ఇచ్చాడు, ఒక్క పరుగూ ఇవ్వలేదు. మొదటి బ్యాటర్ ఆండ్రూ టోల్స్ సింగిల్ కొడితే, వెంటనే డబుల్ ప్లేతో ఆ తప్పు చెరిగిపోయింది. రెండో ఇన్నింగ్స్‌లో ఫీల్డర్ పొరపాటుతో బేస్ చేరిన జోష్ రెడిక్‌ని హెండ్రిక్సే ఫస్ట్ బేస్‌కి బంతి విసిరి పట్టించాడు. ఇంత చేసినవాడి ఫాస్ట్‌బాల్ వేగం గంటకు 87, 88 మైళ్లు, అంటే దాదాపు 140 కిలోమీటర్లు. మేజర్ లీగ్ సగటు అప్పటికే 92 దాటింది.

ఆ 87 అంకె మన దేశానికీ కాస్త పరిచయమే. 2008లో పిచ్చర్ల కోసం మన దగ్గర జరిగిన మిలియన్ డాలర్ ఆర్మ్ పోటీలో ఉత్తరప్రదేశ్ కుర్రాడు రింకూ సింగ్ గెలిచింది 87 మైళ్ల బంతితోనే. పిట్స్‌బర్గ్ పైరేట్స్ అతన్ని తీసుకెళ్లింది గానీ, మేజర్ లీగ్ మ్యాచ్ దాకా అతను రాలేకపోయాడు. రాడార్ గన్‌కి ఇద్దరి బంతీ ఒకటే. మరి ఒకరికి తెరుచుకోని తలుపు ఇంకొకరికి ఎలా తెరుచుకుంది? ఆ ఒక్క రాత్రి సంగతి సరే, ఏళ్ల తరబడి స్టార్టర్‌గా నిలబడడం ఈ వేగంతో అయ్యే పనేనా?

స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్, అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. చివర్లో వచ్చి ముగ్గురు బ్యాటర్లని చూసి వెళ్లిపోయే రిలీవర్‌కి చేతిలో ఒక్క వింత బంతి ఉన్నా రోజు గడిచిపోతుంది. స్టార్టర్‌కి ఆ వెసులుబాటు లేదు. తొమ్మిది మందినీ రెండుసార్లు, నిలిస్తే మూడుసార్లు ఎదుర్కోవాలి. మూడో విడతకి బ్యాటర్లకి అతని చేయి కదిలే తీరు, బంతి వచ్చే దారి అలవాటైపోతాయి. ఎంత పెద్ద పిచ్చర్లకైనా సాధారణంగా దెబ్బలు పెరిగేది అప్పుడే. మొదటే వేగం లేనివాడు ఆ మూడో విడతకి దాచుకునేది ఏముంటుంది?

వేగం కావాలనేవాళ్ల వాదనని తేలిగ్గా కొట్టిపారేయలేం. మౌండ్ నుంచి హోమ్ ప్లేట్‌కి దూరం 60 అడుగుల 6 అంగుళాలు. 95 మైళ్ల బంతి చేయి వదిలాక సుమారు 0.41 సెకన్లలో చేరుతుంది, 87 మైళ్లది 0.45 సెకన్లలో. తేడా రెప్పపాటుకన్నా తక్కువే. కానీ బ్యాట్ తిప్పాలా వద్దా అని బ్యాటర్ తేల్చుకోవడానికి దొరికే సమయమే సెకనులో పావువంతు లోపు. అందులో ఈ కాస్త అదనంగా దొరికితే అతనికి అదే పదివేలు. పైగా వేగం తప్పుల్ని కాస్తుంది. 97 మైళ్ల బంతి గురి తప్పి స్ట్రైక్ జోన్ నడిమధ్యకి వచ్చినా బ్యాటర్‌కి ఆలస్యం కావచ్చు. 87 మైళ్ల బంతి అక్కడికి వస్తే చాలాసార్లు ప్రేక్షకుల్లో పడుతుంది. నెమ్మది బంతితోనే 269 విజయాలు సాధించిన జేమీ మోయర్ పేరు మీదే 522 హోమ్ రన్లు ఇచ్చిన రికార్డు కూడా ఉంది. క్రికెట్‌లో నెమ్మదిగా వేసేవాడికి నేల తోడుంటుంది: పగుళ్లు, దుమ్ము, అరిగిన పిచ్. ఇక్కడ బంతి నేల తాకదు కాబట్టి, గాలిలో ఎంత కదిలితే అంతే.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం 2001లో గణాంకాల విశ్లేషకుడు వోరోస్ మెక్‌క్రాకెన్ లేవనెత్తాడు. బ్యాట్‌కి తగిలి మైదానంలో పడిన బంతి హిట్ అవుతుందా, అవుట్ అవుతుందా అన్నది పిచ్చర్ చేతిలో చాలా తక్కువ అని అతను వాదించాడు. స్ట్రైకవుట్, వాక్, హోమ్ రన్ ఈ మూడే నిజంగా పిచ్చర్ ఖాతాలోవి, మిగతాది ఫీల్డర్లది, అదృష్టానిది. ఇది నిజమైతే బ్యాటర్లని గురి తప్పించి మెత్తగా కొట్టించే పిచ్చర్ గొప్పతనంలో సగం అతని వెనక నిలబడ్డవాళ్లదే. హెండ్రిక్స్ మీద ఈ మాట గట్టిగానే తగులుతుంది. 2016లో అతని ఈఆర్‌ఏ, అంటే ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చినవి కాకుండా తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, 2.13. రెండు లీగుల్లోనూ అదే అందరికంటే తక్కువ. ఆ ఏడాది కబ్స్ ఫీల్డింగ్ చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, హావియెర్ బాయెజ్ లాంటివాళ్లు ఇన్‌ఫీల్డ్‌లో ఉంటే ఏ గ్రౌండ్ బాల్ మాత్రం దాటిపోతుంది? 2023 నుంచి సెకండ్ బేస్‌కి ఇరువైపులా ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలన్న నిబంధన వచ్చింది. నేల బంతుల మీద బతికేవాళ్లకి ఆ ఆసరా కూడా కొంత పోయింది.

అయితే ఆ మెత్తని దెబ్బలన్నీ అదృష్టమేనా? హెండ్రిక్స్ ఎడమచేతి బ్యాటర్‌కి వేసే రెండు బంతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే అలా అనిపించదు. మొదటిది సింకర్, 87 మైళ్లు, ప్లేట్ బయటి అంచు మీదికి. రెండోది చేంజప్, 80 మైళ్లకి అటూ ఇటూ. చేయి అదే ఎత్తులో, అదే వేగంతో తిరుగుతుంది, బంతి అదే దారి పడుతుంది. సగం దూరం దాటేదాకా రెండింటికీ తేడా కనబడదు. బ్యాటర్ నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత చేంజప్ కిందికి జారుతుంది, బ్యాట్ ముందే వచ్చేసి బంతిని నేలకేసి కొడుతుంది. మరుసటి బంతికి అతను నెమ్మదిగా వస్తుందని కాచుకుంటే, అదే 87 మైళ్ల సింకర్ 95లా అనిపిస్తుంది. 2016లో అతను 190 ఇన్నింగ్స్‌లో 170 మందిని స్ట్రైకవుట్ చేశాడు. ఆ 170 మంది ఏ ఫీల్డర్ ఖాతాలోకీ రారు. వేగమన్నది బంతికి ఉండేదే అయినా, బ్యాటర్‌ని ఓడించేది రెండు బంతుల మధ్య తేడా అని నేను నమ్ముతాను. ఆ తేడాని దాచగలిగినవాడు స్టార్టర్ కాగలడు.

వేగం వెంట పడడానికి ఒక ఖరీదూ ఉంది. మేజర్ లీగ్ సంస్థే 2024 డిసెంబర్‌లో విడుదల చేసిన నివేదికలో, ప్రతి బంతినీ గరిష్ఠ వేగంతో వేయాలన్న తపన పిచ్చర్ల గాయాలకి పెద్ద కారణమని చెప్పింది. టెక్సాస్ రేంజర్స్ 18.5 కోట్ల డాలర్లకి ఐదేళ్ల ఒప్పందంతో తెచ్చుకున్న జేకబ్ డిగ్రామ్, 2023లో ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టి మోచేతి ఆపరేషన్‌కి వెళ్లాడు. ఎంత గొప్ప బంతైనా బెంచీ మీద కూర్చుంటే స్టార్టర్‌కి ఏం లాభం? కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో 38వ రౌండ్‌లో ఎంపికైన మార్క్ బర్లీ మాత్రం తన నెమ్మది బంతితో 2001 నుంచి 2014 దాకా వరసగా 14 సీజన్లు 200 ఇన్నింగ్స్ దాటించాడు, మధ్యలో 2009లో ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని పర్ఫెక్ట్ గేమ్ కూడా వేశాడు. ఐదు రోజులకోసారి తప్పకుండా మౌండ్ ఎక్కేవాడి విలువని రాడార్ గన్ చూపించదు.

వేగం లేకుండానే గెలిచాడని పేరున్న గ్రెగ్ మాడక్స్‌ని మాత్రం ఈ వాదనలో సాక్షిగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. 355 విజయాలు, 1992 నుంచి వరసగా నాలుగుసార్లు ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, 1997లో 232 ఇన్నింగ్స్‌కి పైగా వేసి ఇచ్చిన వాక్‌లు ఇరవై. అతను ఆడిన రోజుల్లో అందరి వేగమూ ఇప్పటికన్నా తక్కువ, కాబట్టి సగటుకి అతను అంత దూరంలో లేడు. ఇప్పుడు లీగ్ సగటు 94 దాటింది. హెండ్రిక్స్ ఎదిరీదిన ప్రవాహం వేరు.

హెండ్రిక్స్‌ని చివరికి ముంచింది వయసు. వేగం ఉన్నవాడికి రెండు మైళ్లు తగ్గినా మిగిలేది ఉంటుంది, 87 మీద నిలబడ్డవాడికి జారడానికి మెట్టే లేదు. భుజం గాయం తర్వాత 2023లో మళ్లీ నిలదొక్కుకున్నా, 2024లో అతని ఈఆర్‌ఏ 5.92కి పోయింది. 2025లో ఏంజెల్స్‌కి ఆడి ఆట మానేశాడు. అయినా ఏ స్టార్టర్‌కైనా పదేళ్లకి పైగా మేజర్ లీగ్‌లో నిలబడడం చిన్న సంగతి కాదు. ఈ వేగంతో స్టార్టర్‌గా నిలబడగలడా అన్న ప్రశ్నకి నా జవాబు ఔననే. తిరుగు లేని గురి, ఒకేలా కనబడే రెండు బంతులు, వెనక నమ్మదగ్గ ఇన్‌ఫీల్డ్ ఉండాలి. మూడింటిలో ఏది లేకపోయినా కష్టమే. అలాంటివాణ్ని ఐదుగురు స్టార్టర్ల వరసలో మొదటి స్థానంలో కూర్చోబెట్టమని అనను, మూడో నాలుగో చోటు ఇస్తాను.

ఇంకో చిక్కుంది, అది నమ్మకం. అదే 2016లో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో కబ్స్ 5-1 ఆధిక్యంలో ఉండగా, ఐదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయ్యాక హెండ్రిక్స్ కార్లోస్ సాంటానాకి వాక్ ఇచ్చాడు. అందులో చాలామంది స్ట్రైక్ అనుకున్న అంచు బంతిని అంపైర్ బాల్ అన్నాడు. మేనేజర్ జో మాడన్ వెంటనే అతన్ని దింపేసి జాన్ లెస్టర్‌ని పిలిచాడు, చూస్తుండగానే రెండు పరుగులు పోయాయి. కబ్స్ చివరికి 8-7తో గెలిచింది గానీ, 98 మైళ్లు వేసేవాడైతే అంత తొందరగా దింపేవాళ్లా అని నాకు ఇప్పటికీ అనుమానమే. 2026 సీజన్ నుంచి అంపైర్ నిర్ణయాన్ని పిచ్చర్, క్యాచర్ లేదా బ్యాటర్ సవాలు చేసి కెమెరాల లెక్క అడగవచ్చు. జోన్ బయట అంగుళం దూరం బంతులకి స్ట్రైకులు సంపాదించి బతికేవాళ్లకి ఇది నష్టం. అంచుని నిజంగా తాకే హెండ్రిక్స్ లాంటివాడికి మాత్రం, సాంటానాకి వేసిన అలాంటి బంతిని వెనక్కి తెచ్చుకునే దారి దొరికింది.