చెరలోనున్న వారికొరకు చేవ్రాలు చేయుడి



“అయ్యా, చైనాలో ఎవరినో చెరలో వేసినయెడల శ్రీశైలము కొండక్రింది పల్లెలలోనున్న మనమేమి చేయగలము?” అని ఆత్మకూరు, నంద్యాల ప్రాంతముల సంఘస్థులు అడుగుచుందురు. ఈ మాట వినయమువలె కనబడును గాని, తప్పించుకొనుటకు మంచి సాకని నా అభిప్రాయము.

సోవియట్ రష్యా సంగతి ఆలోచించుడి. 1936 నాటి ఆ దేశపు రాజ్యాంగములో మనస్సాక్షి స్వాతంత్ర్యము వ్రాయబడియే యుండెను. అయినను బాప్టిస్టు బోధకుడైన పీటర్ విన్స్ స్టాలిను కాలమున బంధకములలోనే ప్రాణము విడిచెను. ఆయన కుమారుడు జార్జి విన్స్ కూడ బోధకుడై 1966లో ఒకసారి, 1974లో మరియొకసారి పట్టబడెను. రెండవసారి విధించినది 5 ఏండ్ల ఖైదు, ఆపైన 5 ఏండ్ల ప్రవాసము. అరువది యేండ్లు దాటిన తల్లి లిడియానుకూడ విడువలేదు. ఆమె చేసిన నేరమేమి? 1964లో ఖైదీల బంధువులు, అధికభాగము స్త్రీలు, ఒక సమాజముగా కూడిరి. ఎవరిని పట్టుకొనిరో, ఎన్ని యేండ్లు వేసిరో, ఇంట ఎందరు పిల్లలున్నారో పట్టీలు వ్రాసి ప్రభుత్వమునకును, ఐక్యరాజ్యసమితికిని పంపిరి. ఆమె ఆ పని చేసెను.

ఆ పేర్లు దేశదేశముల సంఘములకు చేరెను. ఉత్తరములు వెళ్లెను. 1979 ఏప్రిలులో జార్జి విన్స్‌ను మరి నలుగురు ఖైదీలతో కూడ అమెరికాకు అప్పగించి, అక్కడ శిక్షపడిన తమ గూఢచారులిద్దరిని సోవియట్ వారు తీసికొనిరి. అది ప్రభుత్వముల బేరమే, కాదనను. అయితే లోకమెరుగని మనుష్యుని పేరు ఆ బేరములోనికి ఎట్లు వచ్చును?

ఇక్కడ కొందరు యౌవనస్థులు నామీద కోపపడుదురు. కూలిరేట్ల కొరకును బంజరు భూముల కొరకును మన పేటలవారి ప్రక్కన నిలిచినది ఎర్రజెండాయే గదా అందురు. నిజమే. తరిమెల నాగిరెడ్డివంటివారు కలిగిన యింట పుట్టియు పేదల పక్షము వహించిరి. దానిని మరచువాడు కృతఘ్నుడు. భూస్వామి అరుగుమీద కూర్చుండి కమ్యూనిస్టులను తిట్టు బోధకుని మాట నాది కాదు. నేనడుగునది వేరు. కూలివాని కొరకు పోరాడిన ఆ జెండా, అధికారము చేజిక్కిన దేశములలో మోకాళ్లూనిన కూలివానిని ఏల బంధించెను? 1967లో అల్బేనియా ప్రభుత్వము చర్చిలను, మసీదులను అన్నిటిని మూయించెను. ఏ కూలివాని కడుపు దానివలన నిండెను?

మరికొందరు భక్తిపరులు, “ప్రార్థన చాలును, అధికారులకు అర్జీలేల?” అందురు. అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయము తెరచి, పౌలు ఎవరియెదుట చెప్పుకొందుననెనో చూడుడి. ఆయనకు ప్రార్థన తెలియదా?

ఇప్పటి సంగతికి వత్తము. చైనా రాజ్యాంగపు 36వ అధికరణము మతస్వేచ్ఛ కలదనుచున్నది. చెంగ్డు పట్టణపు సంఘకాపరి వాంగ్ యీని 2018 డిసెంబరులో పట్టుకొని, మరుసటి డిసెంబరులో రాజ్యాధికారమును కూలద్రోయ ప్రేరేపించెనని 9 ఏండ్ల శిక్ష వేసిరి.

మనవారికొరకు మాత్రమే అడిగిన చాలదు. టిబెట్టులో పాంచెన్ లామాగా దలైలామా గుర్తించిన ఆరేండ్ల బాలుడు గెధున్ ఛోక్యి నీమాను 1995 మే నెలలో అధికారులు తీసికొనిపోయిరి. నాటినుండి ఆయనను బహిరంగముగా చూచినవారు లేరు. టిబెట్టువారు పూజించు నాగార్జునుడు శ్రీపర్వతమున నివసించెనందురు. అది మన శ్రీశైలమో, నాగార్జునకొండయో పండితులు తేల్చుకొందురుగాక. బౌద్ధుడు గదా అని ఆ పేరు విడిచిపెట్టవద్దు. శివరాత్రికి వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువుమీదుగా అడవిదారిన నడచు యాత్రికులను మీరు చూచుచున్నారు. వారి నడకను కాచు 25వ అధికరణమే మన ఆదివారపు ఆరాధనను కాచుచున్నది. 2008లో కంధమాలులో మన సహోదరుల యిండ్లు కాలినప్పుడు లోకమంతయు నోరు విప్పవలెనని మనమే కోరితిమి గదా!

కాబట్టి వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఒక కాగితము తీయుడి. న్యూఢిల్లీ, చాణక్యపురిలోని చైనా రాయబారికి వ్రాయుడి. నకలు మీ పార్లమెంటు సభ్యునికి పంపుడి. తిట్లు వద్దు, ఆ దేశపు ప్రజలమీద ద్వేషము అసలే వద్దు. ఆ యిద్దరి పేర్లు, వారిని పట్టుకొనిన సంవత్సరములు, వారిని విడువుడను మనవి, ఇంతే. తెలుగులో వ్రాసినను వ్రాయవచ్చును, చదివించుకొనుట వారి పని. క్రింద మీ గ్రామము, మండలము పేర్లుండవలెను. చదువురాని పెద్దలు నిశానీ వేయుదురు.