వేళ తప్పిన మాత్రలు

"ఈ మాత్ర నాకు పడటం లేదు" అని షుగర్ రోగులు తరచూ అంటుంటారు. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో రాత్రి డ్యూటీలు చేసేవారు, వారిని ఇళ్లకు చేర్చే డ్రైవర్లు, గేటు దగ్గరి గార్డులు ఇలా అనుకుని చెప్పకుండానే మందు మానేస్తున్నారు. చాలాసార్లు తప్పు మాత్రది కాదు.

మెట్‌ఫార్మిన్ సంగతే చూడండి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, విరేచనాలు. భోజనంతోనో, తిన్న వెంటనేనో వేసుకుని, మోతాదు మెల్లగా పెంచుకుంటూ పోతే చాలామందికి కొద్ది వారాల్లో బాధ తగ్గుతుంది. వోగ్లిబోస్ కథ వేరు. అది పిండిపదార్థాన్ని త్వరగా అరగనివ్వదు. పీకలదాకా బిర్యానీ, ఆపైన డబుల్ కా మీఠా తింటే అరగని పిండి పెద్దపేగులో పులిసి గ్యాసవుతుంది. నింద మాత్ర మీదికి పోతుంది!

చీటీలో మాత్రం అందరికీ ఒకటే రాత: ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. రాత్రంతా పనిచేసి తెల్లవారాక టోలీచౌకీలో ఇల్లు చేరేవాడికి ఉదయమంటే నిద్రవేళ. గ్లిమిపిరైడ్ వేసుకుని, ఒక ఇరానీ చాయ్ తాగి పడుకుంటే నిద్రలోనే చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఆపైన స్పృహ తప్పడం. లేపేవారు లేకపోతే ప్రాణానికే ముప్పు. "ఎన్ని గంటలకు తింటావు?" అని అడగకుండా డాక్టరు చీటీ రాయకూడదు. ఆయన అడగకపోతే రోగే చెప్పాలి.

రంజాన్‌లో అందరి పూటలూ మారతాయి. భారతదేశంతో సహా 13 దేశాల్లో 2001లో జరిపిన ఎపిడయార్ పరిశీలనలో, రెండో రకం మధుమేహం ఉన్నవారిలో చక్కెర తీవ్రంగా పడిపోయిన ఘటనలు ఆ నెలలో ఏడున్నర రెట్లు పెరిగాయి. మాత్రలు వాడేవారిలో మోతాదు మార్చుకున్నది సుమారు నాలుగో వంతు మందే. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా (2:184, 185) రోగికి వెసులుబాటు ఇచ్చింది. అల్లాహ్ ఇచ్చిన దాన్ని నలుగురూ ఏమనుకుంటారోనని వదులుకోవడమేమిటి?

ఉపవాసం ఉండదలచినవారు షాబాన్‌లోనే డాక్టరును కలిసి ఇఫ్తార్‌కు ఏ మాత్ర, సహరీకి ఏ మాత్ర అని రాయించుకోవాలి. వేలికి సూది గుచ్చి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలి. వోగ్లిబోస్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా వాడేవారికి అలాంటప్పుడు మామూలు పంచదార త్వరగా పనిచేయదు. వారి జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి.