పాలమూరు మడిలో నిలువనీరు

వలసలకు పేరుపడిన పాలమూరు సీమకు జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకముల వలన కృష్ణాజలము చేరిన పిదప, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో జొన్నయు, ఆముదమును, వేరుసెనగయు పండిన చెలకలు పెక్కు వరిమళ్లైనవి. దీనికి హర్షింపనివాడు ఆ సీమ కష్టమెరుగనివాడు. అయినను, వారముల తరబడి నీట మునిగి గాలి సోకని బురదలో సూక్ష్మజీవులు మీథేను వాయువును పుట్టించుచుండుననియు, నూరేండ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువుకంటె దాదాపు 27 రెట్లు భూతాపమును పెంచుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

దీనికి ఉపాయము ఖరీదైనది కాదు. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారము చేసిన పద్ధతిలో, అడుగు పొడవు గొట్టమునకు చుట్టును రంధ్రములు పొడిచి, మడిలో పాతి, లోని మట్టిని తోడివేసినచో, నేలలోపలి నీటిమట్టము కంటికి కనబడును. అది 15 సెంటీమీటర్ల లోతునకు దిగువరకు మరల తడి పెట్టనక్కరలేదు. నాటు కుదురుకొను తొలి దినములలోను, పూత వేళను మాత్రము మడిని ఆరనీయరాదు. ఇట్లు చేసినచో మీథేను గణనీయముగా తగ్గును. శ్రద్ధగా పాటించినచో దిగుబడికి లోటు రాదు. ఆరిన మడిలో యూరియా మితిమీరినచో నైట్రస్ ఆక్సైడు పెరుగును గనుక, బస్తాలు ఒక్కమారే గుమ్మరింపక దఫదఫాలుగా చల్లుట మేలు.

మరి రైతేల చేయడు? కాలువ క్రింది రైతునకు, అందునను చివరి తూము వానికి, నేడు వచ్చిన నీరు మరల ఎన్నడు వచ్చునో తెలియదు. అట్టివాడు మడి నింపుకొనుట అవివేకము కాదు, ముందుచూపు. బోరు క్రింద కథ వేరు: 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనను, వేళగాని వేళ కరెంటు వచ్చిన కాలమున బిగించిన ఆటో స్టార్టర్లు పెక్కు మోటార్లకు నిలిచిపోయినవి. కరెంటు రాగానే మోటారు తనంత తాను తిరుగును. ఇంట నిద్రించు రైతునకు తెలియకయే నీరు గట్టు దాటిపోవును.

కావున రైతునకు బోధించుటకు ముందు, నీటివంతుల తేదీలను నాట్లకు పూర్వమే ప్రకటించి, వానిని తప్పకుండుట నీటిపారుదల శాఖ విధి. పాలెములోని వ్యవసాయ పరిశోధన స్థానము వారు గొట్టపు ప్రయోగమును తమ క్షేత్రమునందేగాక కాలువ చివరి మళ్లలోను చేసి చూపవలెను. ఇక యాసంగిలో, నిలువనీరు కోరక తన వేరుబుడిపెలతో నత్రజనిని తానే కూర్చుకొను వేరుసెనగ ఉండనే యున్నది. వడ్లకు వలె దానికిని ఊరూర కొనుగోలు కేంద్రము తెరచి, ఆ పంటను పాడుచేయు అడవిపందుల బెడదకు ఏదో యొక దారి చూపినచో, వరి మానుమని ఎవ్వరును చెప్పనక్కరలేదు.