పేరు - నిజము

నేతిబీరకాయలో నేయి యుండదు. వంటయింట ఈ సంగతి నెఱిగినవారే అంగడిలో మఱియొక పేరు చూచి భ్రమపడుచుందురు. ఎనర్జీ డ్రింకులను పేర నేడు అమ్ముడగుచున్న డబ్బాలపై ‘టౌరిన్’ అను మాట కానవచ్చును. అది ఎద్దు మూత్రమునుండి తీసినదని కొందఱు అసహ్యించుకొందురు. దానిని త్రాగినచో ఎద్దువలె బలము వచ్చునని మఱికొందఱు ఆశపడుదురు. ఈ రెండును పేరునుండి పుట్టిన అపోహలే.

1827వ సంవత్సరమున టీడెమన్, గ్మెలిన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఎద్దు పిత్తరసమును పరీక్షించుచు ఈ పదార్థమును తొలుత వేఱుచేసిరి. లాటిను భాషలో ‘టారస్’ అనగా ఎద్దు. పేరునకు మూలమిదియే. కాని నేడు పానీయములలో చేర్చు టౌరిన్ ఎద్దునుండి వచ్చునది కాదు. కర్మాగారములలో రసాయనిక పద్ధతిచే తయారగుచున్నది.

అది వింత పదార్థమును కాదు. మనుష్యుని గుండెలో, కండరములలో, మెదడులో, కంటిలో సహజముగనే యున్నది. శరీరము దానిని స్వయముగ తయారుచేసికొనగలదు. చేపలు, మాంసమువలన కొంత లభించును. పిల్లులకు ఆ సామర్థ్యము చాలదు. ఆహారమున టౌరిన్ లోపించినచో వాని చూపు చెడును, గుండె బలహీనపడును.

అయినను దేహమునకు అవసరమగుట వేఱు, త్రాగినంతనే బలమిచ్చుట వేఱు. ఉప్పు అందఱికిని అవసరమే; గుప్పెడు ఉప్పు తిన్నవాడు మల్లుడగునా? 250 మిల్లీలీటర్ల డబ్బాలో సాధారణముగ 1000 మిల్లీగ్రాముల టౌరిన్, 80 మిల్లీగ్రాముల కెఫీన్, సుమారు 27 గ్రాముల చక్కెర యుండును. ఆ పరిమాణమున టౌరిన్‌వలన ఆందోళన అక్కఱలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో తెలిపినది. త్రాగినవానికి కలుగు చుఱుకుదనమునకు ముఖ్యకారణము కాఫీగింజలో నుండు కెఫీనే. అది అలసటను తీర్చదు, కప్పిపుచ్చును. మితిమీరినచో నిద్ర చెడును, గుండెదడ పుట్టును.

ఇట్టి పానీయములు పిల్లలకు తగవని డబ్బాలపై ముద్రింపవలెనని మన దేశమున నియమము గలదు. ఎద్దు కథలలో మునిగినవారు ఆ చిన్న అక్షరములను చదువరు. అపోహ చేయు అసలు కీడు ఇదియే. అది భయపడనక్కఱలేనిదానిని చూపి భయపెట్టును, జాగ్రత్తపడవలసినదానిని మఱపించును.

పరీక్షల దినములలో రాత్రి మేలుకొనుటకై డబ్బాను ఆశ్రయించు విద్యార్థికి దానికంటె కంటినిండ నిద్రయే మేలుచేయును. పేరు విని భయపడుటయు, పేరు విని మురియుటయు విద్యావంతుని లక్షణములు కావు. వస్తువును విచారించి, పిమ్మట నిర్ణయించుటయే వివేకము.