డిశ్చార్జ్ అయ్యాక జ్వరమొస్తే ఎవరు చూడాలి? ఇబ్రహీంపట్నం ఘటనలో మరుగునపడ్డ ప్రశ్న

తిరుమలగిరి: ఆపరేషన్ అయిపోయింది. ఇబ్బంది ఏం లేదన్నారు. ఇంటికి పంపించేశారు. ఆ తర్వాతే వాంతులు, నీరసం, పడిపోతున్న బీపీ. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చేయి దాటిపోయింది.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కు.ని. క్యాంపు జరిగింది. ఒక్కరోజే 34 మంది మహిళలకు డీపీఎల్ పద్ధతిలో, అంటే పొట్టపై చిన్న రంధ్రాలు చేసి లాపరోస్కోప్‌తో ఆపరేషన్లు చేశారు. వారం తిరగకముందే నలుగురు చనిపోయారు. మిగతా వాళ్లను హడావుడిగా నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. ప్రభుత్వం విచారణ వేసింది, సస్పెన్షన్లు, బదిలీలు జరిగాయి. బాధిత కుటుంబాలకు రూ.5 లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు. కొన్ని రోజులు టీవీల్లో ఇదే నడిచింది. తర్వాత ఇంకో బ్రేకింగ్ వచ్చింది.

అప్పుడు చర్చంతా ఒక్క పాయింట్ చుట్టూనే తిరిగింది. పరికరాలు శుభ్రం చేశారా, లేదా? ఆ ప్రశ్న కరెక్టే. కానీ అంతే ముఖ్యమైన రెండో ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు. ఇంటికెళ్లిన తర్వాత ఆ మహిళలను ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు?

ముందు మొదటి పాయింట్ చూద్దాం. లాపరోస్కోప్ ఖరీదైన పరికరం. ఒకరికి వాడి పారేసేది కాదు, ఒకరి తర్వాత ఒకరికి వాడతారు. మధ్యలో దాన్ని గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. అందుకే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో ఒక్కో లాపరోస్కోప్‌తో రోజుకు 10 ఆపరేషన్లే అని లెక్క పెట్టారు. మూడు లాపరోస్కోప్‌లున్న ఒక టీమ్ చేయాల్సింది గరిష్టంగా 30. ఇవి డాక్టర్ అలసిపోతాడని మాత్రమే పెట్టిన రూల్స్ కావు. ఆ 20 నిమిషాలు 5 నిమిషాలైతే ముందు పేషెంట్ నుంచి వెనక పేషెంట్‌కు బ్యాక్టీరియా వెళ్లిపోతుంది. క్యూలో పదుల సంఖ్యలో జనం కూర్చుని ఉంటే, టార్గెట్ ఉంటే, ఆ 20 నిమిషాల మీదే ఒత్తిడి పడుతుంది.

అసలు క్యాంపులే వద్దని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్‌లోనే చెప్పింది. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న మహిళల్లో పది మందికి పైగా చనిపోవడం దేశాన్ని కుదిపేసింది. దేవికా బిస్వాస్ కేసు తీర్పులో కోర్టు ఆ ఘటనను కూడా పరిశీలించి, మూడేళ్లలో క్యాంపుల పద్ధతికి స్వస్తి పలకాలని ఆదేశించింది. ఇబ్రహీంపట్నం ఘటన ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు జరిగింది.

ఇక రెండో ప్రశ్న. అవే మార్గదర్శకాల్లో ఇంకో రూల్ ఉంది. ఆపరేషన్ అయిన 48 గంటల్లోపు ఆరోగ్య సిబ్బంది పేషెంట్‌ను కలవాలి. ఏడో రోజు మళ్లీ చూడాలి. ఎందుకంటే ఇన్ఫెక్షన్ ఆపరేషన్ టేబుల్ మీద కనిపించదు. లోపల పెరగడానికి దానికి టైమ్ పడుతుంది. వైద్య పరిభాషలో ఆపరేషన్ చోట వచ్చే ఇన్ఫెక్షన్‌ను మామూలుగా 30 రోజుల దాకా లెక్కలోకి తీసుకుంటారు. లోపల ప్లేటో, కృత్రిమ కీలో పెట్టి ఉంటే కొన్ని ఆపరేషన్లకు 90 రోజుల దాకా. మరి మన దగ్గర డిశ్చార్జ్ చీటీ చేతిలో పెట్టగానే బెడ్ ఖాళీ, ఫైల్ క్లోజ్.

తిరుమలగిరి లాంటి చోట ఇది ఇంకా పెద్ద సమస్య. సూర్యాపేట-జనగామ రోడ్డు మీదున్న ఈ పట్టణానికి ఇప్పుడు రెండు వైపులా మెడికల్ కాలేజీలే. సూర్యాపేటలో 2019లో వచ్చింది, అదే ఏడాది నల్లగొండలోనూ మొదలైంది. జనగామలో 2023లో ప్రారంభించారు. ఒకప్పుడు పెద్ద ఆపరేషన్ అంటే గాంధీకో ఉస్మానియాకో పోవాల్సిందే. ఇప్పుడు ఆ అవసరం తగ్గింది, మంచిదే. కానీ ఆపరేషన్ జిల్లా కేంద్రంలో జరుగుతుంది, పేషెంట్ మాత్రం కోలుకునేది తండాలోనో, ఊళ్లోనో. రాత్రి చలిజ్వరం వస్తే ముందు పిలిచేది ఆర్‌ఎంపీని. ఆయన ఒక సూది వేసి సెలైన్ పెడతాడు, తెల్లారి చూద్దాం అంటాడు. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఈ సంగతే తెలియదు.

ఆ ఒక్క రాత్రి ఎంత విలువైందో 2006లో అమెరికా, కెనడా ఆసుపత్రుల రికార్డులపై వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోయే స్థితిని సెప్టిక్ షాక్ అంటారు. అలా బీపీ పడిపోయాక మొదటి ఆరు గంటల్లో, సరైన యాంటీబయాటిక్ ఇవ్వడంలో ఒక్కో గంట ఆలస్యమయ్యే కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గుతూ పోయింది. ఈ లెక్కన రాత్రంతా సెలైన్‌తో నెట్టుకొస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇది ఒక్క కు.ని. ఆపరేషన్ల గొడవ కాదు. 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో క్యాటరాక్ట్ ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. కొందరికి ఆ కంటి చూపే పోయింది. అక్కడ అనుమానం డాక్టర్ల చేతుల మీద కాదు, కన్ను కడగడానికి వాడిన ద్రావణం బాటిళ్ల మీద పడింది. పరీక్షిస్తే వాటిలో బ్యాక్టీరియా దొరికింది. అంటే నర్సు ఎంత శుభ్రంగా ఉన్నా సరఫరా అయిన బాటిల్‌లోనే తేడా ఉంటే చేసేదేం లేదు. ప్రతిసారీ కిందిస్థాయి సిబ్బందిని సస్పెండ్ చేసి ఫైల్ మూసేస్తే తేలని విషయం ఇదే.

ప్రపంచం మొత్తంలోనూ పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి అక్కడే కొత్త ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. చేతులు కడుక్కోవడం, శుభ్రత లాంటి చవకైన పనులు సరిగ్గా చేస్తే వీటిలో 70 శాతం దాకా ఆపొచ్చని కూడా అదే నివేదిక చెబుతోంది.

ఇబ్రహీంపట్నం తర్వాత ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ మీద ప్రభుత్వం దృష్టి పెట్టింది. కమిటీలు, ట్రైనింగులు అన్నారు. అవి ఆసుపత్రి లోపలి సంగతి చూస్తాయి. గేటు బయట చూడాల్సింది ఆశా వర్కర్, ఏఎన్ఎం. ఎవరికి ఏ ఆపరేషన్ అయింది, ఎప్పుడు ఇంటికొచ్చారు అనే సమాచారం డిశ్చార్జ్ రోజే వాళ్ల ఫోన్‌కు చేరితే 48 గంటల రూల్ అమలవుతుంది. కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు.

ఇంట్లో ఎవరికైనా ఈ మధ్యే ఆపరేషన్ అయి ఉంటే ఇవి చూసుకోండి. చలితో కూడిన జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి గట్టిపడటం, కుట్ల దగ్గర ఎరుపు లేదా చీము, మూత్రం తగ్గిపోవడం, మనిషి మత్తుగా పొంతన లేకుండా మాట్లాడటం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే వెళ్లాలి. డిశ్చార్జ్ చీటీ వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ ఎప్పుడైంది, ఏ మందులు వాడారు అనేది ఎమర్జెన్సీలో ఉన్న డాక్టర్‌కు అందులోనే దొరుకుతుంది.