జ్ఞాపకం కన్న కూతుళ్ళు

మొన్న మావారి స్నేహితుడొకరు ఇంటికి వచ్చి, నా కథ చదివానని చెప్పి, "ఇంతకీ మీకు ప్రేరణ ఎవరండీ?" అంటూ మావారి వైపు చూసి నవ్వారు. మావారు కాస్త సిగ్గుపడ్డారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను గానీ ఆ ప్రశ్న మాత్రం నా వెనకాలే వంటింట్లోకి వచ్చింది.

మగ కవులకు ఈ ప్రశ్నతో ఇబ్బంది లేదు. ఏ ఊహాసుందరి పేరో చెప్పేస్తారు. ఈ అలవాటు ఈనాటిది కాదు. సుమారు 2,700 ఏళ్ళ కిందట గ్రీసు దేశంలో హెసియోడ్ అనే కవి హెలికాన్ కొండ దగ్గర గొర్రెలు మేపుకుంటూ ఉంటే మ్యూజ్‌లనే కళాదేవతలు ఎదురుపడి, చేతికి లారెల్ కొమ్మ ఇచ్చి, కవిత్వం చెప్పే గొంతు ప్రసాదించారట. ఆ సంగతి ఆయనే తన కావ్యంలో చెప్పుకున్నాడు. వాళ్ళు తొమ్మండుగురు అక్కచెల్లెళ్ళు. తర్వాతివాళ్ళు మంత్రివర్గంలో లాగా వాళ్ళకు శాఖలు కూడా పంచారు. కాలియోపికి వీరగాథలు, క్లియోకు చరిత్ర, థాలియాకు హాస్యం, మెల్పొమెనీకి విషాదం, టెర్ప్సికోరీకి నాట్యం, యురేనియాకు ఖగోళశాస్త్రం, ఇలాగన్న మాట. మనం రోజూ అనే మ్యూజిక్, మ్యూజియం మాటలు వీళ్ళ పేరులోంచి వచ్చినవే.

ఆడవాళ్ళకు ఎంత గౌరవం ఇచ్చారో అనిపిస్తుంది కదూ! కానీ ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని చెప్పుకునే ఏథెన్స్‌లోనే ఆడవాళ్ళకు సభలో మాట్లాడే హక్కు లేదు, ఓటూ లేదు. లెస్బోస్ దీవిలో శాఫో అనే ఆవిడ గొప్ప పాటలు కట్టింది. ఆమెను "పదో మ్యూజ్" అని పొగిడారు. 1650లో లండన్‌లో అచ్చయిన ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కవితల పుస్తకం పేరులోనూ ఈ "పదో మ్యూజ్" మాటే ఉంది. అమెరికాలో ఎనిమిది మంది పిల్లల్ని పెంచుతూ రాసుకున్న ఇల్లాలు ఆవిడ. రాతప్రతిని తీసుకువెళ్ళి అచ్చు వేయించింది చెల్లెలి భర్త.

పొగడ్తే, కాదనను. కానీ రాసే ఆడదాన్ని దేవతను చేసేస్తే ఒక చిక్కుంది. దేవతకు పొద్దున్నే పాలవాడు రాడు. పిల్లల క్యారియర్లు సర్దే పని ఉండదు. రాసుకోవడానికి ఒక గంట తీరిక కావాలని దేవత అడగదు, మనమూ ఇవ్వక్కర్లేదు. మనకు మాత్రం ఆ గంట కావాలి.

నిజం చెప్పాలంటే ఈ కథలో నాకు నచ్చింది ఆ తొమ్మండుగురు కాదు, వాళ్ళ అమ్మ. తండ్రి దేవతల రాజు జ్యూస్. తల్లి పేరు నిమోసిని. అంటే జ్ఞాపకం. కళలన్నీ జ్ఞాపకం కడుపున పుట్టాయని గ్రీకులు అనుకున్నారు.

మరి మన ఇళ్ళలో జ్ఞాపకం ఎవరి దగ్గర ఉంటుంది? ఎవరి నక్షత్రం ఏమిటో, ఏ పెళ్ళిలో ఎవరు అలిగారో, తాతయ్య ఆఖరి రోజున ఏం తింటానన్నారో, అన్నీ గుర్తుపెట్టుకునేది మనమే. కథలకు కావలసిన సరుకంతా మన దగ్గరే ఉందన్న మాట.

అయితే రాయకపోతే అది మనతోనే పోతుంది. మా అమ్మమ్మకు బోలెడన్ని దంపుళ్ళ పాటలు వచ్చు. "ఈ సెలవుల్లో రాసుకుంటానులే అమ్మమ్మా" అంటూ ఏళ్ళు గడిపేశాను. ఆవిడ పోయాక కూర్చుని గుర్తు చేసుకుంటే ఒక్క పాటలో రెండు చరణాలు మిగిలాయి. ఎవరిని అడగను?

అప్పటి నుంచి పచారీ సామాన్ల పుస్తకంలో వెనక పేజీలు నావి. పోపు వేస్తూ గుర్తొచ్చినా సరే, స్టౌ తగ్గించి నాలుగు మాటలు రాసుకుంటాను. మీరూ ఈ రాత్రి గిన్నెలు సర్దాక, మీ అమ్మ చెప్పిన మాట ఒక్కటి రాసి చూడండి. కథ అవుతుందా, కాదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఆ స్నేహితుడు మళ్ళీ వచ్చి అడిగితే ఈసారి లోపలికి పారిపోను. మా అమ్మమ్మ పేరు చెబుతాను.