పట్టికల జోడింపులో రెట్టింపయ్యే వరుసలు: తొలగింపు పరిష్కారం కాదు

గత రబీలో ఒక స్నాతకోత్తర విద్యార్థి తన వరి ప్రయోగ గణాంకాలను నాకు చూపించాడు. ఒక మడికి వేసిన నత్రజని హెక్టారుకు 240 కిలోలని అందులో ఉంది. నిర్ణయించిన మోతాదు 120 కిలోలు మాత్రమే. క్షేత్రంలో ఏ పొరపాటూ జరగలేదు. జరిగినది డేటాబేస్ క్వెరీలో.

ఎరువుల వివరాలు ఒక పట్టికలోను, మట్టి పరీక్షల ఫలితాలు వేరొక పట్టికలోను ఉన్నాయి. చివరి దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో 40 కిలోల చొప్పున వేసినందున మొదటి పట్టికలో ఆ మడికి మూడు వరుసలున్నాయి. 0–15, 15–30 సెం.మీ. లోతుల నుండి నమూనాలు తీసినందున రెండవదానిలో రెండు వరుసలున్నాయి. మడి సంఖ్య ఆధారంగా జాయిన్ చేయగానే ప్రతి దఫా ప్రతి లోతుతోనూ జతకూడి ఆరు వరుసలయ్యాయి. మొత్తం 240 అయింది. అడిగినదానికి డేటాబేస్ సరిగానే జవాబిచ్చింది.

అతడు చేసిన మరమ్మతు మరింత ప్రమాదకరమైనది. 'డిస్టింక్ట్' అనే పదం చేర్చి, మడి సంఖ్యను, మోతాదును మాత్రమే ఎంచుకున్నాడు. మూడు దఫాల మోతాదూ 40 కిలోలే కనుక అవి ఒకే వరుసగా కుదించుకుపోయి మొత్తం 40కి దిగింది. 240ని చూస్తే ఎవరైనా అనుమానిస్తారు. 40ని తక్కువ మోతాదు ట్రీట్‌మెంట్‌గా భావించి ముందుకు సాగిపోతారు. తుంగను పైపైన కోసి చేను శుభ్రమైందనుకోవడం వంటిదే ఇది.

ఒక్కొక్క పట్టికలో ఒక వరుస దేనిని సూచిస్తున్నది, మడినా, దఫానా, నమూనానా అన్నది క్వెరీ రాయడానికి ముందే తేల్చుకోవాలి. ఎరువులను 'గ్రూప్ బై'తో మడివారీగా కూడి, మట్టి ఫలితాలలో కావలసిన లోతును ఎంచుకొని, ఆ తరువాతనే జోడించాలి. 24 మడుల ప్రయోగంలో 24కు మించి వరుసలు వస్తే విశ్లేషణ అక్కడే ఆపాలి.

రైతు క్షేత్రాల సర్వేలలో మరో కారణం కూడా ఎదురవుతుంది. 45వ సర్వే నంబరు ఎన్నో గ్రామాలలో ఉంటుంది. గ్రామ కోడ్ లేకుండా సర్వే నంబరుతోనే జోడిస్తే ఒక ఊరి రైతుకు మరొక ఊరి మట్టి ఫలితం అంటుకుంటుంది. ఎరువుల సిఫారసుగా అది అతని చేతికే చేరుతుంది.

దిగుబడి విలువలన్నీ రెండేసి సార్లు వస్తే సగటు ఏమాత్రం మారదు, కనుక ఎవరికీ అనుమానం రాదు. ప్రామాణిక దోషం మాత్రం దాదాపు 30 శాతం తగ్గిపోయి, లేని తేడా గణాంకపరంగా సార్థకమైనదిగా కనిపిస్తుంది. రెప్లికేషన్లు ఎన్ని అని వైవాలో తరచి తరచి అడిగే మనం క్వెరీ చూపించమని ఎన్నడూ అడగము. సిద్ధాంత గ్రంథం అనుబంధంలో క్వెరీని, జోడింపుకు ముందూ తరువాతా ఉన్న వరుసల సంఖ్యను చేర్చడం తప్పనిసరి చేయాలని నా ప్రతిపాదన. పేజీలు పెరుగుతాయన్న అభ్యంతరం రావచ్చు. చాలా ప్రయోగాలకు అది ఒక పేజీకి మించదు.